రెండోసారి చదివిన పేరు

"మొదటిసారి తెల్వక చదివినవ్. సరే, ఒప్పుకుంట. రెండోసారి ఎందుకు చదివినవ్?"

సదానందం నిద్ర లేచినప్పటి నుంచి ఇదే మాట అడుగుతున్నాడు. పళ్లు తోముకుంటూ అడిగాడు. చాయ్ తాగుతూ అడిగాడు. ఇప్పుడు వంటగది గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు.

వినోద బియ్యం కడిగిన నీళ్లు వంపి, గిన్నె పొయ్యి మీద పెట్టింది.

"నిన్నే."

"వినవడ్డది."

"మరి చెప్పు!"

"మొదటిసారి కండ్లకు కనవడ్డది చదివిన. ఏం చదివిన్నో సమజైనంక మల్ల చదివిన."

"సమజైనంక నోరు మూసుకోవాలె గదనే!"

"సమజైనంక ఎట్ల మూసుకుంటరు?"

సదానందం గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. గదిలో కూర్చున్న అతని తల్లి వెంకటవ్వ తమలపాకు ఈనె తీస్తూ ఇద్దరి మాటలూ వింటోంది. కూతురు హారతి కాలేజీ ఆన్‌లైన్ క్లాసు పెట్టుకుని, చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా తండ్రి మాటలే వింటోంది. సూరత్ ఉధ్నాలో అద్దె గది అంత పెద్దదేమీ కాదు. ఎవరి మాటా ఎవరికీ దాగదు.

నిన్న సాయంత్రం జరిగింది చిన్న విషయం కాదు. కరోనా మళ్లీ విరుచుకుపడి నేతన్నల సంఘం గ్రంథాలయం మూతపడినప్పటి నుంచి, వినోద రోజూ సాయంత్రం గ్రంథాలయం ఫేస్‌బుక్ పేజీలో లైవ్ పెట్టి ఒక కథ చదువుతోంది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. వాళ్ల తల్లుల్లో చాలామందికి ఏ భాషా చదవడం రాదు. అందరూ వింటారు. కథ అయ్యాక కింద వచ్చిన కామెంట్లు పేరు పేరునా చదవడం వినోదకు అలవాటు. రాయడం రాని ఆడవాళ్లకు ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే దానంతటదే అక్షరాలవుతుందని నేర్పింది కూడా ఆమే.

నిన్న 'బాగుంది అక్కా', 'రేపు నవ్వే కథ చదువు అక్కా' అనే మాటల మధ్య బాలవ్వ మాట వచ్చింది. అదే ఊపులో చదివేసింది వినోద.

'మా ఆయన బక్కయ్య దవాఖానల చచ్చిపోలేదు, జరం ఉన్న మనిషిని లోపట పెట్టి షట్టర్ దించి సాంచలు నడిపిండ్రు.'

చదివాక గానీ ఏం చదివిందో తెలియలేదు. చూస్తున్న వాళ్లందరికీ ఆమె ముఖం కనబడుతూనే ఉంది. ఆమె కళ్లజోడు సర్దుకుంది. "బాలక్క చెప్పిన మాట మల్ల చదువుతున్న. ఇనుండ్రి," అని ఒక్కో మాటా విడదీసి మళ్లీ చదివింది.

బక్కయ్య పనిచేసిన సాంచల షెడ్డు, ఆ మరమగ్గాల షెడ్డు, దశరథానిది. గ్రంథాలయం నడిపే సంఘానికి అధ్యక్షుడు దశరథమే. ఆ షెడ్డులో మాస్టర్‌గా పనివాళ్లను నడిపిస్తున్నది సదానందం.

"సిరిసిల్ల నుంచి మా మేనమామ ఫోన్ జేసిండు," అన్నాడు సదానందం. "ఈడ సూరత్‌లనే ఇచ్ఛాపూర్ల ఉన్నోళ్లు జేసిండ్రు. అందరు అదే అడుగుతుండ్రు. నీ పెండ్లానికి మతి పోయిందా అని."

"నువ్వేం చెప్పినవ్?"

"ఏం చెప్తరు!"

"మా కాలంల సాంచ చప్పుడుల ఆడిదాని మాట పక్కన ఆడిదానికే వినవడకపోయేది," అంది వెంకటవ్వ. "ఇప్పుడు దునియకంత వినవడవట్టె. తీసెయ్యిరాదే పిల్లా ఆ బొమ్మ. ఎవ్వలకు లేని లొల్లి మనకెందుకు?"

"డిలీట్ చేస్తే ఏమైతది నాయినమ్మా?" హారతి తల ఎత్తింది. "సబ్ లోగ్ డౌన్‌లోడ్ చేసేసిండ్రు. మా క్లాస్ గ్రూప్‌ల గుజరాతీ వాళ్లు గూడ అడుగుతున్నరు, ఆ ఆంటీ ఏం బోల్ రహీ హై అని."

"నువ్వు క్లాస్ విను!" సదానందం కసిరాడు.

ఫోన్ మోగింది. పేరు చూసి సదానందం ముఖం మారింది. స్పీకర్ నొక్కి కింద పెట్టాడు.

"సదానందం, తిన్నవా?" దశరథం గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"ఇంకా లేదు సేటూ."

"తిను. ఇయ్యాల పనికి రాకు. పొద్దుమీకి లైబ్రరీ కాడికి రా. నీ ఇంటామెకు చెప్పు, ఎప్పటి లెక్కనే లైవ్ పెట్టుమను. మొగడు పోయిన దుఃఖంల బాలవ్వకు మతి సక్కగ లేదు, గామె మాట అబద్ధం, తెల్వక చదివిన అని చెప్పాలె. అయినంక నిన్నటి వీడియో తీసెయ్యాలె. గంతే. మనోళ్లల్ల మనకు పంచాయితి ఎందుకు?" గొంతు కొంచెం పెంచాడు. "వింటున్నవా వినోదా?"

"వింటున్న సేటూ."

"మరి?"

"బక్కయ్య యాడ పానం విడిచిండు సేటూ?"

జవాబు రాకముందే ఫోన్ ఆగిపోయింది.

కట్ చేసింది దశరథం కాదు. సదానందం.

వినోద భర్త ముఖంలోకి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. భయమనుకుంది. కొలువు పోతుందనే భయం. పొయ్యి కట్టేసి, మాస్కు పెట్టుకుని, చెప్పులు వేసుకుంది.

సదానందం గుమ్మానికి అడ్డంగా వచ్చాడు. "ఇప్పుడు లైబ్రరీకి పోయినవనుకో..."

"జరుగు," అంది వినోద. "రెండు గజాల దూరం ఉండాలన్నరు."

హారతి నవ్వు ఆపుకోలేకపోయింది. సదానందం కూతురి వైపు తిరిగేలోపు వినోద మెట్లు దిగింది.

*

గ్రంథాలయం కిరాణా దుకాణం మీద రెండు గదులు. సందు అటు చివర ఏవో సాంచలు నడుస్తున్నాయి. ఆ అదురు మెట్ల దాకా తెలుస్తోంది.

లోపల లైబ్రేరియన్ ఒక్కడే ఉన్నాడు, పేరు బ్రహ్మచారి. బల్ల మీద ఫోన్ పెట్టుకుని, దాని వైపు కోపంగా చూస్తున్నాడు.

కిందటి ఏడు లాక్‌డౌన్‌లో గ్రంథాలయాల వాళ్ల కోసం ఎవరో ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. పేజీ ఎలా తెరవాలి, గ్రూపు ఎలా నడపాలి, తలుపులు మూసినా పాఠకులను ఎలా పోగొట్టుకోకుండా ఉండాలి అని. బ్రహ్మచారి, వినోద ఒకే ఫోన్ ముందు చెరో పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఆయన మొదటి లైవ్‌లో కనబడింది నుదురూ పంకా మాత్రమే. వాట్సాప్ గ్రూపు మొదలుపెట్టిన రోజున జనం నమస్తేలు పెడుతుంటే ఆయన 'దయచేసి నిశ్శబ్దం పాటించండి' అని పెట్టాడు. ఆ రోజు వినోద నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. జీవితమంతా చదివేవాళ్ల కోసం మాట్లాడేవాళ్లను ఆపిన మనిషి ఆయన.

"సేటు వచ్చిపోయిండు," అన్నాడు.

"ఏమన్నడు సార్?"

"పేజీ పాస్‌వర్డ్ అడిగిండు."

"ఇచ్చిండ్రా?"

"అధ్యక్షుడు అడిగితే ఇయ్యకుంట ఉంటనా?"

వినోద బల్ల అవతల కుర్చీ లాక్కుని కూర్చుంది. పేజీ వాళ్ల చేతికి పోయిందంటే నిన్నటి మాట పోయినట్టే. ఎందరు దాచుకున్నా, బాలవ్వ చెప్పింది చెప్పినట్టు ఆ పేజీలో ఉండదు.

"ఆయన మెట్లు దిగినంక మార్చిన," అన్నాడు బ్రహ్మచారి.

"ఎవరు మార్చిండ్రు?"

"నేనే. క్లాస్‌ల నేర్పిండ్రు గదా. తప్పు కొట్టుకుంట కొట్టుకుంట మార్చిన. చెమటలు పట్టినయి."

వినోదకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏదో అనబోయింది. ఆయన చేయెత్తి ఆపాడు.

"నిన్ను మెచ్చుకుంటున్న అనుకోకు. నిన్న నువ్వు చేసింది నాకు నచ్చలేదు."

"మీరు గూడ గట్లనే అంటరా సార్?"

"నేను వేరే అంటున్న. ఆ పేజీ సేటుది కాదు. నీది గూడ కాదు. లైబ్రరీది. లైబ్రరీ ఒక మాట చెప్తే దానికి ఆధారం ఉండాలె. బాలవ్వ మాట బాలవ్వది. నువ్వు రెండోసారి చదివినప్పుడు అది లైబ్రరీ మాట అయింది. చదివేముందు ఆమెను అడిగినవా? ఎప్పుడైంది, ఎవలు చూసిండ్రు, ఎవలు ఉండిరి?"

"లేదు."

"కోపంల చదివినవ్."

"అవును. కోపమే వచ్చింది. రావొద్దా?"

"రావాలె. కోపం వచ్చినంక అడగాలె గూడ."

వినోద ఆయన వైపు మంట మంటగా చూసింది. ఇంట్లో మొగుడు నోరు మూసుకోమంటాడు. ఇక్కడ ఈయన ఆధారం తెమ్మంటాడు. అయినా ఈయన మాటలో ఆమెకు తప్పు దొరకలేదు. అదే ఇంకా మండింది.

"అడిగొస్త," అని లేచింది. "అడిగినంక నిజమని తేలితే?"

బ్రహ్మచారి బల్ల మీద ఫోన్‌ను కొంచెం తన వైపు జరుపుకున్నాడు.

"తేలితే, పొద్దుమీకి ఫోన్ నేను పట్టుకుంట."

*

బాలవ్వ ఉండే గది ఉధ్నా స్టేషన్‌కు వెనక, పట్టాల పక్కన బస్తీలో. ఆమె గడపలో కూర్చుని ఉంది. ముందు పెట్టిన పళ్లెంలో అన్నం అలాగే ఎండిపోయి ఉంది. వినోదను చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"దూరం కూసో చెల్లె. ఎందుకొచ్చినవ్?"

"అడుగుదామని వచ్చిన అక్కా. నిన్న అడగకుంటనే చదివిన."

"అడుగు."

అడగాల్సినవన్నీ వినోదకు గుర్తున్నాయి. తీరా కూర్చున్నాక ఒక్కటే వచ్చింది. "ఏమైందక్కా?"

బాలవ్వ రైలు పోయేదాకా ఆగి మొదలుపెట్టింది.

"పని మీదనే జరం వచ్చింది. నాకు ఫోన్ జేసిండు, ఒళ్లు కాలుతున్నదే అని. ఇంటికి రా అంటే, సేటు పోనిస్తలేడన్నడు. జబ్బు ఉందని తెలిస్తే అధికారులు వచ్చి షెడ్డు మూస్తరంట. అందుకని ఆయనను ఎనుక నూలు బీములు పెట్టే కాడ పండవెట్టిండ్రు. చీకటి పడ్డది, ఇంకా రాలే. నేను ఉరికిన. షట్టర్ కింది దాక ఉంది. లోపట సాంచలు నడుస్తున్నయి. కొట్టిన చెల్లె. రెండు చేతులతోని కొట్టిన."

"ఎవ్వలు తీయలేదా?"

బాలవ్వ అన్నం పళ్లెం పక్కకు జరిపింది.

"అక్కా, ఎవ్వలకు వినవడలేదా?"

"ఒకాయనకు వినవడ్డది. షట్టర్ కాడికి వచ్చి చెప్పిండు. అక్కా, తీయొద్దన్నడు, పొద్దుగాల నేనే తోల్కొస్త, నువ్వు ఇంటికి పో అన్నడు. మంచిగనే చెప్పిండు పాపం. పొద్దుగాల తీసిండ్రు. ఆంబులెన్స్‌ల ఎక్కిచ్చిండ్రు. దవాఖాన దాక గూడ పోలే."

"ఎవరాయన?"

బాలవ్వ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో మొదట అనుమానం ఉంది. తర్వాత జాలి.

"నీకు నిజంగ తెల్వదా? తెలిసే చదివినవనుకున్న చెల్లె. ఇంత ధైర్యం ఎట్లొచ్చెనే పిల్లకు అనుకున్న."

వినోద గడప పక్కన నేల మీద చేయి ఆనించింది. రాయి కాలుతోంది. తీయలేదు.

"సదానందమే," అంది బాలవ్వ. "నేను మైకుల చెప్పేటప్పుడు ఆ పేరు చెప్పలే. రోజు నీ కథ వినేదాన్ని. నీ ఇంట్ల నిప్పు పెట్టుడెందుకని."

పొద్దున సదానందం ఫోన్ ఎందుకు కట్ చేశాడో వినోదకు అప్పుడు తెలిసింది.

లేవాలని ఉంది. ఇంటికి పోయి తలుపు వేసుకోవాలని ఉంది. దశరథం చెప్పమన్నట్టు చెప్పేస్తే, ఇంట్లో ఎవరి పేరూ బయటికి రాదు. ఈ మాట మనసులోకి వచ్చినందుకే ఆమెకు ఒళ్లు మండింది.

"అక్కా, పొద్దుమీకి లైబ్రరీకి వస్తవా? నీ నోటితోని చెప్తవా?"

"నేనా? అందరి ముందటనా?"

"నీ ఇష్టం. రమ్మని బలవంతం లేదు."

"వచ్చి చెప్తే... ఆ పేరు గూడ చెప్పాలెనా?"

వినోద లేచి నిలబడింది.

"చెప్పాలె," అంది.

*

వినోద ఇంటికి వచ్చేసరికి సదానందం ఇంకా తినలేదు. కంచం ముందే ఉంది.

"బాలక్క కాడికి పోయొచ్చిన."

అతను తల ఎత్తలేదు. గదిలో వెంకటవ్వ ఆకు నమలడం ఆపేసింది. హారతి ఫోన్ బోర్లా పెట్టింది.

"నాకు చెప్పకపోతివి," అంది వినోద.

"ఏం చెప్పాలె?"

"షట్టర్ లోపట నువ్వున్నవని."

"తీస్తే షెడ్డు మూస్తరన్నడు." సదానందం నెమ్మదిగా అన్నాడు. "మూస్తే అందరు రోడ్డు మీద పడుతరు. పోయినేడు సూసినం గదా. మూటలు నెత్తిన పెట్టుకొని టేషన్ కాడ పడిగాపులు పడ్డది యాది లేదా? మల్ల గట్లయితది, జిమ్మేదారి నీదే అన్నడు సేటు. నేను పొద్దుగాల దాక ఉంటడనుకున్న. నీళ్లు తాపిన వినోదా. నెత్తి మీద తడిబట్ట ఏసిన. కసమ్."

"షట్టర్ తీయలే."

"తీయలే."

"తాళం ఎప్పటి లెక్కనే నీ దగ్గర ఉండె."

అతను అన్నం మెతుకు ఒకటి వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు.

"ఆ పొద్దు పని నుంచి వచ్చి రెండుసార్లు తానం జేసినవ్," వెంకటవ్వ అంది. "జబ్బు భయమనుకున్న బిడ్డా." కొడుకు వైపు చూడలేక గోడ వైపు తిరిగింది.

"బాలక్క నా పేరు చెప్తదా?" అడిగాడు సదానందం.

"చెప్తది."

"నువ్వు చెప్పనిస్తవా?"

"చెప్పనిస్త."

"నన్ను పోలీసులు పట్టుకపోతె?"

"పట్టుకపోతె నీ ఎనుక నేనే వస్త. టిఫిన్ తెస్త. వకీలు కాళ్లు పట్టుకుంట. కానీ అబద్ధం మాత్రం చదవ."

"నీకు మొగనికంటె ఆ పేజీ ఎక్కువైందా?"

"నాకు నువ్వే ఎక్కువ!" ఆమె గొంతు మొదటిసారి పగిలింది. "అందుకే గదా ఇంత కాలుతున్నది. ఆమె షట్టర్ కొడుతుంటె నీకు వినవడ్డది. నువ్వు చెవిటోనివైతె బాగుండు అనుకుంటున్న ఇప్పుడు. గట్ల అనుకునేటట్టు జేసినవ్ నన్ను."

కింద సందులో కూరగాయల బండివాడు మాస్కులోంచే అరుచుకుంటూ పోయాడు.

వినోద వేరే చీర కట్టుకుంది. జడ వేసుకుంది. రోజూ లైవ్‌కు ముందు ఏం చేస్తుందో అదే చేసింది. గుమ్మం దాటేటప్పుడు ఈసారి ఎవరూ అడ్డు రాలేదు.

*

దశరథం ముందే వచ్చి కూర్చున్నాడు. తెల్ల చొక్కా, తెల్ల మాస్కు. బల్ల, కుర్చీ, చేతులు అన్నీ శానిటైజర్‌తో తుడుచుకున్నాడు.

"సదానందం రాలేదా?"

"లేదు సేటూ."

"సరే. చెప్పాల్సింది యాదికుంది గదా. చెప్పెయ్, అయిపోతది. రేపటి నుంచి నీ కథలు నువ్వు చదువుకో."

మెట్ల మీద అడుగుల చప్పుడు. బాలవ్వ లోపలికి వచ్చింది. దశరథాన్ని చూసి గోడకు ఒత్తుకుని నిలబడింది. పారిపోలేదు.

దశరథం కళ్లు చిన్నవయ్యాయి. "ఈమె ఎందుకు?"

బ్రహ్మచారి ఫోన్ అందుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని, తల ఊపాడు. ఎర్ర గుర్తు వెలిగింది.

"నమస్తే అక్కలకు, అన్నలకు," అంది వినోద. "ఇయ్యాల కథ లేదు. నిన్న నేను చదివిన మాటకు ఆధారమేంది అని మా సార్ అడిగిండు. అడుగుడు న్యాయమే. అందుకని పోయి అడిగొచ్చిన. బాలక్కనే వచ్చింది. ఇనుండ్రి."

దశరథం లేచాడు. "బంద్ చెయ్ దాన్ని! బ్రహ్మచారీ!"

"లైవ్ నడుస్తున్నది సేటూ," అన్నాడు బ్రహ్మచారి. "మీ మాట గూడ అందరికి పోతున్నది."

దశరథం ఫోన్‌కు ఎదురుగా రాకుండా పక్కకు జరిగాడు.

బాలవ్వ చెప్పింది. గడపలో కూర్చుని చెప్పినంత వివరంగా చెప్పలేకపోయింది. మధ్యలో మాట తప్పింది. జరం, బీములు పెట్టే చోటు, చీకటి, షట్టర్. చేతులతో గాలిని కొట్టి చూపించింది. షట్టర్ దగ్గరికి ఒక మనిషి వచ్చాడని చెప్పి, అక్కడ ఆగిపోయింది. వినోద వైపు చూసింది.

ఆ పేరు బాలవ్వ నోట రాదని వినోదకు అర్థమైంది. ఈ మనిషి మొగుణ్ని పోగొట్టుకుని కూడా తన ఇల్లు కాపాడుతోంది. వినోద ఫోన్ వైపు తిరిగింది.

"తాళం చేతుల పెట్టుకొని లోపట నిలవడ్డ మాస్టర్ పేరు సదానందం," అంది. "నా పెనిమిటి. తీయొద్దని చెప్పింది ఈ సంఘం అధ్యక్షుడు దశరథం. ఇద్దరి పేర్లు చెప్పిన. ఎవ్వల పేరు దాసలే. అబద్ధమంటే వచ్చి ఈడనే చెప్పుండ్రి, ఇదే పేజీల మీ మాట గూడ చదువుత."

అంతవరకూ వరసగా పడుతున్న కామెంట్లు ఆగిపోయాయి. చూస్తున్న వాళ్లంతా ఒక్కసారిగా చేతులు వెనక్కి తీసుకున్నట్టు. బ్రహ్మచారి లైవ్ ఆపాడు.

దశరథం అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించింది వినోదకు. ఆయన చేయి చాపాడు.

"తాళంచెవి."

బ్రహ్మచారి జేబులోంచి తీసి ఇచ్చాడు.

"సంఘం ఇచ్చిన గది ఇది. నడువుండ్రి బయటికి. ముగ్గురు." తలుపు లాగి తాళం వేస్తూ వినోదతో మాత్రం మెల్లగా అన్నాడు. "నీ మొగన్ని నువ్వే జైలుకు తోలినవ్ బిడ్డా. యాది పెట్టుకో."

"పెట్టుకుంట సేటూ. మీరు గూడ పెట్టుకోండ్రి."

ఆయన కారు సందు మలుపు తిరిగేదాకా ముగ్గురూ మెట్ల మీదే నిలబడ్డారు. బాలవ్వ కూలబడి, కొంగులో ముఖం పెట్టుకుంది. వినోద ఆమె భుజం మీద చేయి వేయబోయి, దూరం గుర్తొచ్చి, ఆ తర్వాత దూరాన్ని లెక్కచేయకుండా వేసింది.

"చాబి పోయింది," అన్నాడు బ్రహ్మచారి. ఎవరితోనో కాదు, తనలో తానే. "ఇంత కాలంల ఈ తలుపుకు నేను గాక ఎవ్వలు తాళం ఎయ్యలే."

రోడ్డు అవతల మూసిన చాయ్ బండి పక్కన సదానందం నిలబడి ఉన్నాడు.

వినోద చూసింది. ఎప్పుడొచ్చాడో తెలియదు. చేతిలో ఫోన్ ఉంది. దాని తెర ఇంకా వెలుగుతోంది. విన్నాడు. అంతా విన్నాడు. రోడ్డు దాటి రావడం లేదు, వెనక్కి పోవడమూ లేదు.

బ్రహ్మచారి చేతిలో ఫోన్ గుర్రుమంది. మళ్లీ గుర్రుమంది. ఆగిపోయిన కామెంట్లు కట్ట తెగినట్టు వస్తున్నాయి. తిట్లున్నాయి. దండాలున్నాయి. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చదువుతూ, ఒక చోట ఆగాడు.

"వినోదా. ఇది పేజీకి వచ్చిన మెసేజ్. ఇచ్ఛాపూర్ నుంచి ఎవరో ఆడామె. మైకుల చెప్పినట్టుంది, అక్షరాలు అటిటు ఉన్నయి."

"ఏమంటది సార్?"

"మా ఆయనకు ఊపిరి ఆడతలేదు అక్కా, మా కార్ఖానాల గూడ షట్టర్ దించిండ్రు, ఆయన లోపటనే ఉన్నడు, ఇంకా బతికే ఉన్నడు..."

బాలవ్వ కొంగు తీసి తల ఎత్తింది. "ఏ షెడ్డో అడుగు చెల్లె! జల్ది అడుగు!"

వినోద ఫోన్ లాక్కుని మైకు గుర్తు నొక్కింది. "చెల్లే, నేను వినోదను. నీ పేరేంది? ఏ గల్లీ, ఏ కార్ఖానా? 108కు ఫోన్ జేసినవా?"

జవాబు కోసం తెర వంక చూస్తూ నిలబడింది. మెట్ల మీది మాటలు రోడ్డు అవతలికి వినబడ్డట్టున్నాయి, పరుగు చప్పుడు దగ్గరైంది. ఆటోను చేతితో ఆపుతూ, దాని వెంటే మెట్ల దాకా వచ్చేశాడు సదానందం. మాస్కు గడ్డం కిందికి జారిపోయి ఉంది.

"ఏ గల్లీనట?" అన్నాడు ఆయాసంతో. "ఇచ్ఛాపూర్ల మాస్టర్లు నాకు తెలుసు. తొవ్వ పొడుగూత ఫోన్లు జేస్త. ఏ గల్లీనట, చెప్పు."

వినోద అతని ముఖంలోకి చూడలేదు. ఇప్పుడు చూడడం ఆమె వల్ల కాదు.

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడసాగాయి. ఆమె ఫోన్‌ను అతని వైపు తిప్పి, ఆటోలో ఎక్కి కూర్చుంది.